సవరణ చట్టాల రద్దు, నమోదిత సంఘాల మనుగడ: ధారూర్ సహకార సంఘాల నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఒక చట్టాన్ని సవరించే చట్టం రద్దయితే ఆ సవరణ కూడా పోతుందా? మూలచట్టమే రద్దయితే దాని కింద నమోదైన సంఘం ఏమవుతుంది? న్యాయస్థానం సవరణను కొట్టివేస్తే దాన్ని రద్దుతో సమానంగా చూడవచ్చా? ఈ మూడు ప్రశ్నలు వేర్వేరు. సహకారోద్యమంపై తెలుగులో జరిగే చర్చల్లో ఇవి తరచుగా కలగాపులగమవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టానికి 2006లో చేసిన సవరణను, దానిపై 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కేంద్రంగా చేసుకొని ఈ ప్రశ్నలను విడదీయడం ఈ వ్యాసోద్దేశం. ఆ తీర్పు ఇచ్చిన రక్షణ ధారూర్ వంటి మండలంలోని సంఘాలన్నింటికీ ఒకే తీరున అందడం లేదని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సవరణ చట్టం, రద్దు, రక్షణ నిబంధన, న్యాయవ్యక్తిత్వం, సహకార సంఘం, జనరల్ క్లాజెస్ చట్టం, ధారూర్.

1. ఉపోద్ఘాతం

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే దారిలో ఉన్న ధారూర్, ఏటా నవంబరులో జరిగే క్రైస్తవ జాతర వల్ల దూరప్రాంతాలవారికీ తెలిసిన మండల కేంద్రం. న్యాయశాస్త్ర విద్యార్థికి ఈ ఊరు మరొక కారణంగా ఆసక్తికరం. పంట రుణం, ఎరువుల బస్తా కోసం రైతు వెళ్లే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం 1964 నాటి సహకార సంఘాల చట్టం నీడలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మండల మహిళా సమాఖ్యలు ఎక్కువగా 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యాయి. యువజన సంఘాలు, విద్యా సంఘాలు, ధార్మిక సంఘాలు 2001 నాటి సంఘాల నమోదు చట్టాన్ని ఆశ్రయిస్తాయి. తాండూరు కంది పండించే రైతులు కంపెనీల చట్టం కింద ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడవచ్చు. ఒకే రైతు కుటుంబం ఏకకాలంలో ఈ నాలుగు చట్టాల కింద సభ్యత్వం కలిగి ఉండటంలో వింత లేదు.

ఈ నాలుగు చట్టాలూ పలుమార్లు సవరణకు లోనయ్యాయి. పాత చట్టాలను తొలగించి వచ్చినవీ వాటిలో ఉన్నాయి. అయినా సంఘం పేరుమీది బ్యాంకు ఖాతా, గోదాము స్థలం, బకాయిలు ఒక చట్టం నుంచి మరో చట్టానికి సాగివస్తూనే ఉన్నాయి. ఈ కొనసాగింపు తనంతట తాను జరగదు. దాని వెనుక నిర్దిష్టమైన శాసన నిబంధనలు ఉన్నాయి. అవి ఎక్కడ పనిచేస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో గుర్తించకుండా సహకార స్వయంప్రతిపత్తిని గురించి మాట్లాడితే ఆ మాట గాలిలో నిలుస్తుంది.

2. సవరణ చట్టం రద్దు: పోయేదేమిటి, మిగిలేదేమిటి?

సవరణ చట్టం పని ఒక్కసారితో ముగుస్తుంది. మూలచట్టంలో ఒక మాట చేర్చమనో, ఒక ఉపనిబంధన తీసివేయమనో అది చెబుతుంది. అది అమల్లోకి వచ్చిన క్షణంలోనే మూలచట్టం పాఠం మారిపోతుంది. ఆ తరువాత సవరణ చట్టం శాసనగ్రంథంలో ఖాళీ కవరులా మిగులుతుంది. ఇటువంటి కవర్లను ఏరివేయడానికే పార్లమెంటు అప్పుడప్పుడు రద్దు, సవరణ చట్టాలు చేస్తుంటుంది. కవరును పారవేసినంత మాత్రాన లోపలి ఉత్తరం పోదు.

1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 1936లో చేర్చిన 6ఏ సెక్షన్ చెప్పేది ఇదే. ఒక కేంద్ర చట్టం పాఠాన్ని స్పష్టమైన చేర్పు, తొలగింపు లేదా ప్రతిక్షేపం ద్వారా మార్చిన శాసనాన్ని తరువాత రద్దుచేసినా, భిన్నమైన ఉద్దేశం కనబడితే తప్ప, ఆ మార్పు కొనసాగుతుంది. జేఠానంద్ బేతాబ్ వర్సెస్ ఢిల్లీ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు దీన్ని సూటిగా అన్వయించింది. వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టానికి 1949లో చేసిన సవరణ ఒక కొత్త నేరాన్ని చేర్చింది. 1952లో ఆ సవరణ చట్టాన్ని రద్దుచేశారు. రద్దు తరువాత ఆ నేరమే లేదన్నది ముద్దాయి వాదం. తెలుగువారైన న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాసిన తీర్పు ఆ వాదాన్ని అంగీకరించలేదు. సవరణ మూలచట్టంలో కలిసిపోయింది కనుక రద్దు దాన్ని తాకదని చెప్పింది.

పార్లమెంటుకు ఈ సంగతి బాగా తెలుసుననడానికి ఇటీవలి నిదర్శనం 2021 నాటి వ్యవసాయ చట్టాల రద్దు చట్టం. మూడు వ్యవసాయ చట్టాల్లో రెండు స్వతంత్ర చట్టాలు, మూడవది 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టానికి సవరణ. మొదటి రెండింటికి రద్దు ప్రకటన చాలింది. మూడవదాని విషయంలో సవరణ చట్టాన్ని రద్దుచేయడంతో పార్లమెంటు ఆగలేదు. నిత్యావసర సరుకుల చట్టం 3వ సెక్షన్‌లో చేరిన 1ఏ ఉపసెక్షన్‌ను తొలగిస్తున్నట్లు విడిగా రాసింది. ఆ వాక్యం లేకపోతే సవరణ నిలిచే ఉందన్న వాదానికి చోటు దొరికేది. పత్రికలు మూడు చట్టాలూ రద్దు అని ఒకే శీర్షిక కింద రాశాయి. శాసన రచయిత మాత్రం ఆ తేడాను మరచిపోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 6ఏ సెక్షన్ కేంద్ర చట్టాలకు ఉద్దేశించినది. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని 32వ అంశం. ధారూర్ సహకార సంఘానికి సంబంధించిన సవరణను గురించి వాదించేవారు మద్రాసు రాష్ట్రం నుంచి వారసత్వంగా వచ్చిన 1891 నాటి జనరల్ క్లాజెస్ చట్టాన్ని చూడాలి. కేంద్ర చట్టంలోని సెక్షన్ సంఖ్యను యథాతథంగా రాష్ట్ర సహకార చట్టానికి అంటించడం పరిశోధన వ్యాసాల్లో సైతం కనిపించే పొరపాటు. సూత్రం ఒకటే కావచ్చు, ఆధారం ఒకటి కాదు.

సంఘం మనుగడకు దీనితో ఉన్న సంబంధం ఇది. సంఘానికి న్యాయవ్యక్తిత్వం వచ్చేది మూలచట్టం కింద జరిగిన నమోదు వల్ల. సవరణ చట్టం ఆ వ్యక్తిత్వపు హద్దులను మార్చవచ్చు: పాలకవర్గ కాలపరిమితి, ఆడిట్, ఎన్నికల అధికారం వంటివి. ఆ సవరణ చట్టం తరువాత రద్దయినంత మాత్రాన సంఘం ఆస్తికో, పాలకవర్గానికో ఏమీ కాదు. భయపడవలసిన సందర్భాలు వేరు.

3. మూలచట్టమే పోయినప్పుడు

హైదరాబాద్ రాష్ట్రంలో 1952 నాటి సహకార సంఘాల చట్టం ఉండేది. ఆంధ్ర ప్రాంతంలో 1932 నాటి మద్రాసు చట్టం నడిచేది. 1964లో వచ్చిన 7వ చట్టం ఈ రెండింటి స్థానాన్ని తీసుకుంది. అంతకుముందు తెలంగాణలో నమోదైన సంఘాలు కొత్తగా పుట్టనవసరం లేకపోయింది. పాత చట్టం కింద నమోదైనవి కొత్త చట్టం కింద నమోదైనట్లే భావించాలన్న రక్షణ నిబంధన వాటిని మోసుకొచ్చింది. ఇతర సంఘాల విషయంలోనూ ఇదే జరిగింది. తెలంగాణ ప్రాంతానికి 1350 ఫసలీ నాటి పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, ఆంధ్ర ప్రాంతానికి 1860 నాటి చట్టం వర్తించేవి. 2001 నాటి 35వ చట్టం రెండింటినీ తొలగించి ఉమ్మడి చట్టంగా నిలిచింది. పాత రిజిస్ట్రేషన్ పత్రంపై ఫసలీ సంవత్సరం కనిపించగానే అది కాలం చెల్లిన కాగితమని తేల్చేవారు రక్షణ నిబంధనను చదవనివారే.

ఉత్పత్తిదారుల కంపెనీల చరిత్ర మరింత విచిత్రం. 1956 నాటి కంపెనీల చట్టంలో అవి లేవు. 2002 నాటి సవరణ చట్టం 9ఏ భాగాన్ని చేర్చి వాటికి జన్మనిచ్చింది. అంటే వాటి ఉనికికి ఆధారమే ఒక సవరణ. 2013 నాటి కొత్త కంపెనీల చట్టం 1956 చట్టాన్ని రద్దుచేస్తూ, ఉత్పత్తిదారుల కంపెనీలకు మాత్రం ప్రత్యేక చట్టం వచ్చేవరకు పాత 9ఏ భాగమే రద్దు కానట్లుగా వర్తిస్తుందని 465వ సెక్షన్‌లో రాసుకుంది. 2020 సవరణ 21ఏ అధ్యాయాన్ని చేర్చేవరకు రైతుల కంపెనీలు రద్దయిన చట్టంలోని బతికి ఉన్న ఒక ముక్కపై నిలిచాయి. ఇల్లు కూల్చినా ఒక గదిని వదిలినట్లు.

రద్దును రద్దుచేయడం మరో చిక్కు. రద్దు చట్టాన్ని రద్దుచేసినంత మాత్రాన మొదటి చట్టం లేచి కూర్చోదన్నది జనరల్ క్లాజెస్ సూత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టాన్ని రద్దుచేసి, 2021 నవంబరులో ఆ రద్దును వెనక్కి తీసుకున్నప్పుడు శాసనసభ కేవలం రద్దు ప్రకటనతో ఆగలేదు. సంస్థ పునరుద్ధరణను, ఆస్తుల మార్పిడిని చట్టంలోనే చెప్పవలసి వచ్చింది. అది సభ్యుల సంఘం కాదు, ప్రభుత్వం సృష్టించిన సంస్థ. అయినా పాఠం వర్తిస్తుంది: నిగమ సంస్థకు మరణమూ పునర్జన్మా రెండూ అక్షరాలా రాయవలసినవే.

ఈ ఉదాహరణలన్నింటిలో ఒక పోలిక ఉంది. శాసనకర్త మౌనంగా ఉన్నచోట జనరల్ క్లాజెస్ చట్టం మాట్లాడుతుంది. శాసనకర్త మాట్లాడినచోట అది మౌనం వహిస్తుంది. భిన్నమైన ఉద్దేశం కనబడితే తప్ప అనే షరతు ఆ రక్షణను అప్రమేయ నియమంగా మాత్రమే ఉంచింది. సంఘాన్ని కావాలనే కదిలించదలచిన శాసనసభ ముందు అది అడ్డుగోడ కాజాలదు. ఆ స్థితి 2006లో వచ్చింది.

4. 2006 సవరణ, 2011 తీర్పు

1995 నాటి 30వ చట్టం దేశంలో సహకార రంగానికి కొత్త దారి చూపిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు. ప్రభుత్వ వాటాధనం లేని సంఘాలు రిజిస్ట్రారు కనుసన్నల నుంచి బయటపడి తమ ఉపనిబంధనల ప్రకారం తామే నడుచుకునే వీలు అది కల్పించింది. 1964 చట్టం కింద ఉన్న సంఘాలు సైతం షరతులు నెరవేర్చి కొత్త చట్టం కిందికి మారవచ్చు. జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్లు అనేకం ఆ విధంగా మారాయి.

ఆ మార్పు ప్రభుత్వానికి రుచించలేదు. ప్రజాధనంతో పెరిగిన డెయిరీల ఆస్తులు కొద్దిమంది చేతుల్లోకి పోతున్నాయన్నది ప్రభుత్వ పక్షం. ఆ ఆందోళనలో పస లేదనడం న్యాయం కాదు. పాల శీతలీకరణ కేంద్రాలు, యంత్రాలు, స్థలాలు ఏ సొమ్ముతో వచ్చాయన్న ప్రశ్న సహేతుకమైనదే. కానీ దానికి ఎంచుకున్న మార్గం 2006 నాటి 1వ చట్టం. 1995 చట్టాన్ని సవరించి పాడి సహకార సంఘాలను దాని పరిధి నుంచి పూర్వకాల ప్రభావంతో మినహాయించారు. అవి 1964 చట్టం కింద నమోదై ఉన్నట్లే భావించాలన్నారు.

ఇక్కడి శాసనకల్పన స్వభావం గమనించదగినది. 1964లోనూ 2001లోనూ "నమోదైనట్లు భావించాలి" అన్న మాట సంఘాన్ని బతికించడానికి వచ్చింది. 2006లో అదే మాట సభ్యులు విడిచివచ్చిన ఇంటికి వారిని తిరిగి పంపడానికి వచ్చింది. రక్షణ నిబంధన పదజాలమే బలవంతపు సాధనమైంది. న్యాయభాషను సాహిత్య విద్యార్థులు కూడా ఎందుకు చదవాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

హైకోర్టు 2007లో ఆ సవరణను కొట్టివేసింది. ఏపీ డెయిరీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఫెడరేషన్ వర్సెస్ బి. నరసింహారెడ్డి కేసులో సుప్రీంకోర్టు 2011 సెప్టెంబరు 2న ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. న్యాయమూర్తులు పి. సదాశివం, బి.ఎస్. చౌహాన్‌ల ధర్మాసనం తార్కికతలో రెండు పాయలు ఉన్నాయి. మొదటిది రాజ్యాంగం 14వ అధికరణం: 1995 చట్టం కిందికి వచ్చిన సంఘాలన్నింటిలో పాడి సంఘాలను మాత్రమే వేరుచేయడానికి హేతుబద్ధత లేదు. రెండవది 19(1)(సి): సహకారమంటే స్వచ్ఛందం. సభ్యులు ఒక చట్టం కింద నమోదు కోరినప్పుడు అధికారి షరతుల ప్రకారం దరఖాస్తును తిరస్కరించవచ్చు గాని, మరో చట్టం కింద వారిని నమోదు చేయజాలడు. పైఅధికారికీ ఆ హక్కు లేదు. శాసనసభ దాన్ని శాసనరూపంలో చేసినా ఫలితం మారదు.

ఈ తీర్పు ప్రభావాన్ని సవరణ రద్దుతో పోల్చడం సరికాదు. శాసనసభే 2006 చట్టాన్ని రద్దుచేసి ఉంటే, రెండవ భాగంలో చూసిన సూత్రం ప్రకారం సవరణ పాఠం నిలిచే ఉండేది. పాడి సంఘాలు బయటే ఉండేవి. వాటిని తిరిగి తేవడానికి మరో వాక్యం కావలసివచ్చేది. న్యాయస్థానం చెల్లదన్నప్పుడు స్థితి వేరు. 13వ అధికరణం దృష్టిలో ఆ సవరణ మూలచట్టంలో ఎన్నడూ కలవలేదు. సంఘాలు 1995 చట్టాన్ని విడిచివెళ్లనే లేదు. పునరుద్ధరణ మాటే అవసరం లేదు. సాధారణ సంభాషణలో రెండింటినీ చట్టం పోయిందనే అంటాం. సంఘం కార్యదర్శికి మాత్రం ఆ రెండు మాటల మధ్య తేడాయే సర్వస్వం.

సవరణ అమల్లోకి రావడానికీ హైకోర్టు కొట్టివేయడానికీ మధ్య కాలంలో జరిగిన కొనుగోళ్లు, చెల్లింపులు, ఒప్పందాల సంగతి ఏమిటి? చట్టమే లేనప్పుడు దాని కింద సంతకం చేసిన అధికారి చేసినవన్నీ శూన్యమనడం తర్కానికి సరిపోవచ్చు, పాలు పోసిన రైతుకు సరిపోదు. 1981 నాటి గోకరాజు రంగరాజు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం తీర్పులో సుప్రీంకోర్టు వాస్తవాధికారి సూత్రాన్ని అంగీకరించింది. నియామకం చెల్లకపోయినా, ఆ పదవిలో ఉండి అధికార ముసుగులో చేసిన పనులు ప్రజాప్రయోజనం కోసం నిలుస్తాయన్నది దాని సారం. అది న్యాయమూర్తి నియామకానికి సంబంధించిన కేసు. సహకార సంఘాల మధ్యంతర నిర్వహణకు దాన్ని అన్వయించడానికి అడ్డంకి కనబడదు. ఈ దిశగా జరగవలసిన పరిశోధన చాలా ఉంది.

5. తీర్పు చేరని చోటు

2011 తీర్పు బలం స్వేచ్ఛా ఎంపిక అన్న భావనపై ఉంది. దాని బలహీనతా అక్కడే. ఎంపిక చేసుకున్నవారిని అది కాపాడుతుంది. ఎంపికకే అవకాశం లేనివారి గురించి దానికి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ప్రభుత్వ వాటాధనం ఉన్న ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాన్ని తీసుకుందాం. 1995 చట్టం తలుపు దానికి మూసి ఉంది. ఆ సంఘానికి 1964 చట్టం సభ్యులు ఎంచుకున్న ఇల్లు కాదు, దొరికిన ఇల్లు. దానిపై వచ్చే ప్రతి సవరణనూ అది భరించాలి. పాత న్యాయధోరణి కూడా దానికి అనుకూలం కాదు. సంఘాల బలవంతపు విలీనాన్ని సమర్థించిన 1985 నాటి దమన్ సింగ్ తీర్పు, సహకార సంఘ సభ్యత్వం చట్టం విధించిన హద్దుల్లోనే ఉంటుందన్న 1997 నాటి ఛివకీ ఉద్యోగుల సంఘం తీర్పు ఈ కోవలోవి. సంఘం చట్టం బిడ్డ కనుక చట్టం చెప్పినట్లు నడవాలన్నది వాటి సారం. 1971 నాటి దమయంతి నారంగ తీర్పులో హిందీ సాహిత్య సమ్మేళనానికి దక్కిన రక్షణ, సంఘం మొదట తన సభ్యులతో తానుగా ఏర్పడినదన్న మెట్టుపై నిలిచింది. నరసింహారెడ్డి తీర్పు డెయిరీలను ఆ రెండవ పంక్తిలో కూర్చోబెట్టింది. రుణ సంఘాలు మొదటి పంక్తిలోనే మిగిలాయి. ఒకే ఊరిలో పాలకేంద్రం సభ్యుడిగా రాజ్యాంగ రక్షణ పొందిన రైతు, రుణ సంఘం సభ్యుడిగా దాన్ని పొందలేకపోవడం సూత్రంగా సమర్థించుకోవడం కష్టం.

97వ రాజ్యాంగ సవరణ ఈ అంతరాన్ని పూడుస్తుందన్న ఆశ కొంతకాలం ఉండేది. 2012 ఫిబ్రవరి 15న అమల్లోకి వచ్చిన ఆ సవరణ 19(1)(సి)లో సహకార సంఘాల ప్రస్తావనను చేర్చింది, 9బి భాగాన్ని ప్రవేశపెట్టింది. పాలకవర్గానికి ఐదేళ్ల పరిమితి, గడువులోగా ఎన్నికలు ఆ భాగంలోనివి. రాష్ట్ర శాసనసభల్లో సగం ఆమోదం లేదన్న కారణంగా గుజరాత్ హైకోర్టు 2013లో దాన్ని కాదంది. 2021 జూలై 20న రాజేంద్ర షా కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు 9బి భాగాన్ని బహుళరాష్ట్ర సంఘాలకు పరిమితం చేసింది. 19(1)(సి)లో చేరిన మాటలు నిలిచాయి. ఐదేళ్ల నియమానికున్న రాజ్యాంగ కవచం రాష్ట్ర సంఘాలకు పోయింది.

ఇక్కడా సవరణ ప్రశ్నే తలెత్తుతుంది. 97వ సవరణకు అనుగుణంగా రాష్ట్రాలు తమ సహకార చట్టాల్లో చేసుకున్న మార్పులు, ప్రేరణ పోయింది కనుక పోయినట్లేనా? కావు. రాష్ట్రం ఆ మార్పులు చేసింది 32వ అంశం కింద తనకున్న స్వంత అధికారంతో. ప్రేరణ వేరు, అధికారం వేరు. వాటిని తొలగించాలంటే శాసనసభ మళ్లీ రాయాలి. కానీ వ్యత్యాసం మరో చోట కనబడుతుంది: ఇప్పుడు శాసనసభ అలా మళ్లీ రాయదలచుకుంటే రాజ్యాంగం నుంచి ఐదేళ్ల నియమమనే అడ్డు లేదు. సాధారణ సవరణతో గడువును పొడిగించవచ్చు, తగ్గించవచ్చు, అధికారులకు అప్పగించవచ్చు.

తెలంగాణలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల ఎన్నికలు 2020 ఫిబ్రవరిలో జరిగాయి. 2025 ఫిబ్రవరిలో కాలపరిమితి ముగిసినప్పుడు ఎన్నికల బదులు ఆరు నెలల పొడిగింపు వచ్చింది. పాడి యూనియన్ విషయంలో ఇటువంటి నిర్ణయాన్ని ప్రశ్నించదలచిన సభ్యుడి చేతిలో నరసింహారెడ్డి తీర్పు ఉంటుంది. రుణ సంఘం సభ్యుడు 1964 చట్టంలోని సెక్షన్లను, వాటికి కాలక్రమంలో చేరిన సవరణలను, 2014 పునర్విభజన చట్టం 101వ సెక్షన్ కింద తెలంగాణకు అన్వయించిన పాఠాన్ని పక్కపక్కన పెట్టుకొని చదవాలి. ప్రభుత్వ వాటాధనాన్ని తిరిగి చెల్లించి 1995 చట్టం కిందికి మారే వీలు ఉన్నదో లేదో సంఘం జమాఖర్చుల పట్టికే చెప్పాలి.